పొలి పడ్డ కాడికే ఊరు

మా ఊరు పెరుగుతోందని నేను మొదట గుర్తుపట్టింది బావి దగ్గర. మంచినీళ్ళ బావి చేంతాడు ఏడాది పొడుగునా ఒకటే కొలత ఉండేది. ఎండాకాలం చివరి రోజుల్లో దానికి రెండు మూరల ముక్క ముడివేసేవాళ్ళు, తొలకరి పడగానే విప్పేసేవాళ్ళు. నిజాం మీదికి మిలిటరీ వచ్చిన మరుసటి ఏడు చలి పోకముందే ఆ ముడి పడింది. ఆ ఏడు వానలకు లోటు లేదు, చెరువు అలుగు పారింది. బావిలో ఊట ఎప్పటంతే ఉంది, తోడే చేతులు మాత్రం ఎక్కువయ్యాయి.

నేను అప్పటికి హైదరాబాదులో ఓవర్సీరు చదువు ముగించి, సూర్యాపేట నుంచి కోదాడ దాకా పోయే సడక్ మీద పనికి కుదిరాను. కొలత గొలుసు లాగడం, కంకర కుప్పలు కొలవడం, మోరీలు బాగు చేయించడం, రోలరు వెనక తిరగడం నా పని. లెక్కలన్నీ ఉర్దూలో నేర్చుకున్నాను, కూలీలతో తెలుగులో మాట్లాడాలి, పై అధికారికి ఇంగ్లీషులో రాయాలి. దేన్ని చూసినా ఒకటి, రెండు, మూడు అని వరస పెట్టుకోకపోతే నాకు మనసు కుదరదు. ఊరు పెరిగిందనడానికి కూడా అట్లాగే వరస పెట్టుకున్నాను. ఒకటి, చేంతాడు ముడి. రెండు, సడక్ పక్కన ఒక్క చాయ హోటలు ఉండేది, ఇప్పుడు నాలుగు. అందులో ఒకటి కృష్ణా జిల్లా నుంచి వచ్చినాయనది, ప్రతివాణ్ణీ "ఏమండీ" అనేవాడు. మూడు, బడి పంతులు పిల్లల్ని రెండు పూటలకు విడదీశాడు. నాలుగు, ఊరి కుక్కలు కొత్తవాళ్ళను చూసి మొరగడం మానేశాయి. ఎంతమందిని చూసి మొరుగుతాయి?

వచ్చినవాళ్ళు ఎందుకు వచ్చారో ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. సడక్‌కు దూరంగా ఉన్న పల్లెల్లో చీకటి పడితే ఒకరు వచ్చి అన్నం పెట్టమనేవారు, తెల్లవారితే మరొకరు వచ్చి ఎందుకు పెట్టారని కొట్టేవారు. నిజాం రోజుల చివర్లో మొదలైన ఈ పారిపోవడం మిలిటరీ వచ్చాక కూడా ఆగలేదు. సడక్ మీది ఊళ్ళలో అయితే ఠాణా ఉంటుంది, లారీలు తిరుగుతాయి, నలుగురి కళ్ళు ఉంటాయి. అందుకని పల్లెలన్నీ సడక్ మీదికి కారుతూ వచ్చాయి. సూర్యాపేట నిండింది, కోదాడ నిండింది, మిర్యాలగూడలో బియ్యం మిల్లుల అరుగుల మీద కూడా సంసారాలు పెట్టారు. మునగాల ముందు నుంచీ మద్రాసు వాళ్ళ ఏలుబడిలో ఉన్న పరగణా కావడంతో అందరికంటే ముందే నిండిపోయింది. అక్కడ చోటు దొరకని వాళ్ళు వెనక్కి తిరిగి మా ఊళ్ళో ఆగారు.

అట్లా ఆగినవాళ్ళలో మా అక్క, బావ, వాళ్ళ నాలుగేళ్ళ కూతురు ఉన్నారు. బావది పాలకీడు దిక్కు పల్లె. ఆయన ఒక్కడే వచ్చి ఉంటే మా ఇంట్లోనే ఉండేవాడేమో. తన వాడకట్టు వాళ్ళనందరినీ వెంటేసుకుని వచ్చాడు. "వీళ్ళంత బయట పండుకుంటే నేను అత్తగారింట్ల మంచమెక్కుతనా?" అన్నాడు. ఊరికి పడమట, మా ఇంటి వెనకే ఉన్న బీడులో అందరితో పాటు తనూ గుడిసె వేసుకున్నాడు. ఆ వీధిలో మాది చివరి ఇల్లు. అల్లరి రోజుల్లో అమ్మ పెరటిగోడ మనిషి నిలువు దాటేలా లేపించి, పైన రేగుకంప పరిపించింది. ఆ గోడ వెనక, కంకర తోలే బండ్లబాట దాటితే కొత్తోళ్ళ గుడిసెలు. వాళ్ళు వచ్చి అప్పటికి ఏడాది దాటింది. వాళ్ళ ఆడవాళ్ళు మా పొలాల్లో నాట్లు వేశారు, మగవాళ్ళు నా సడక్ మీద కంకర కొట్టారు, అందరూ మా బావి నీళ్ళే తాగారు. అయినా వాళ్ళ పేరు కొత్తోళ్ళే.

పిల్ల మాత్రం ఇటూ అటూ తిరిగేది. పొద్దున లేస్తే మా ఇంట్లో, ఆకలైతే మా ఇంట్లో, నిద్రకు గుడిసెలో. ఓవర్సీరు అనడం రాక నన్ను "ఓసీరు మామ" అనేది. అమ్మ కావాలని అడిగేది, "నీ ఓసీరు మామ ఏం పని జేస్తడే?" అని. "రాళ్ళు కొల్సి, మల్ల ఆడ్నే పెడ్తడు," అనేది పిల్ల. నా ఉద్యోగాన్ని ఇంతకంటే సరిగ్గా ఇంకెవరూ చెప్పలేదు.

ఎండలు ముదిరాక మిర్యాలగూడ వైపు నుంచి గత్తర వార్తలు మొదలయ్యాయి. మా దిక్కున కలరాను గత్తర అంటారు. పొద్దున మొదలైతే సాయంత్రానికి మనిషి మిగలడని అర్థం. ఇదివరకు గత్తర వస్తే ఊరు ఊరంతా లేచి చేలల్లోకి పోయి, చెట్టుకొకరుగా ఉండి, తగ్గాక వచ్చేవాళ్ళట. ఇప్పుడు పోవడానికి చేను ఏది? ఎటు చూసినా మనుషులే. మన ఊరి వాళ్ళు పోదామనుకున్న చోటికి పక్క ఊరి వాళ్ళు అప్పటికే వచ్చి ఉన్నారు. అందుకని పటేలు ఊరు కట్టిద్దామన్నాడు.

ఊరు కట్టడమంటే, ఊరమ్మల పూజలు చేసే బైండ్లాయన గ్రామదేవత ముందు బలి ఇచ్చి, ఆ రక్తంలో కలిపిన బియ్యాన్ని ఊరి చుట్టూ చల్లుకుంటూ తిరగడం. ఆ బియ్యాన్ని పొలి అంటారు. పొలి గీత పడ్డాక మూడు దినాలు లోపలి మనిషి బయటికి పోరాదు, బయటి మనిషి లోపలికి రారాదు. సడక్ మీద రెండు వైపులా వేపకొమ్మలు కడతారు, బండ్లు ఆగవు. మంచినీళ్ళ బావి లోపల ఉంటుంది. బయట ఉన్నవాళ్ళకు మిగిలేది వాగు.

నేను చదువుకున్న కొద్దిపాటి చదువులో గత్తర నీళ్ళ నుంచి వస్తుందని ఉంది. ఆ ఎండాకాలం వాగు పారడం లేదు. మడుగులు మడుగులుగా నిలిచింది. పైనున్న పల్లె వాళ్ళు అందులోనే బట్టలుతికేవారు, అందులోనే గొడ్లను కడిగేవారు. గీత గుడిసెలకు ఇవతల పడితే, మూడు దినాలు ఆ పిల్ల తాగేది ఆ నీళ్ళే. అందుకని ఊరి కచేరీలో పెద్దలు కూర్చున్నప్పుడు పిలవకపోయినా వెళ్ళి కూర్చున్నాను.

వాళ్ళకు నాతో పని కూడా పడింది. పాత గట్టురాళ్ళు కొన్ని గుడిసెల కింద పోయాయి, గీత ఎటు నుంచి తిరగాలో తేలలేదు.

"గొలుసు సారొచ్చిండు. ఏందిర, నీ గొలుసు పెట్టి జెప్పు, మనూరు యాడిదాక ఉన్నదో," అన్నాడు పటేలు.

నేను సిద్ధంగానే ఉన్నాను. ఊరి నక్షా తెచ్చి పరిచాను. మా శివారు పడమట వాగు దాకా ఉంది. గుడిసెలు దానికి ఎంతో లోపల ఉన్నాయి. వేలు పెట్టి చూపించాను.

పటేలు నక్షా వైపు చూడనైనా చూడలేదు. "గది సర్కారు శివారు. పన్ను కట్టెటందుకు. గత్తరకు నక్షా సదువొస్తదా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"మరి ఊరు ఎక్కడి దాకా ఉన్నట్టు?"

జవాబు బైండ్ల తాత చెప్పాడు. చెవులకు బరువైన పోగులు, గొంతు ఎప్పుడూ బొంగురే. "పొలి పడ్డ కాడికే ఊరు, బిడ్డ. అందుకే పొలిమేర అంటరు. మా నాయినప్పుడు ఇంత లేదు. అప్పుడు బియ్యం తక్కువ, ఊరు సిన్నది. బియ్యం ఉన్నకాడికి నడుస్తం, గంప ఒడిసినకాడ మొదటి కాడికి తిరిగొస్తం."

ఆ మాటతో నాకు ఊపిరి వచ్చింది. అంటే గీత పొడుగు బియ్యాన్ని బట్టి ఉంటుంది. నాకు అర్థమయ్యే భాష అది. "తాతా, ఇంకా బియ్యం ఉంటే గుడిసెల అవతల నుంచి తిరుగుతవా?" అని అడిగాను.

"బియ్యం ఉంటే నాకేం బోయింది? నడుస్త. కాని ఈ ఊరి మట్టిల పండిన గింజ ఉండాలె. కొని తెచ్చింది పనికిరాదు."

పటేలు గడ్డం గోక్కున్నాడు. "ఎవడిస్తడు బియ్యం? మనకే బియ్యం లేక గటుక తాగుడు అయితాంది," అన్నాడు గానీ వద్దనలేదు.

ఆ సాయంత్రం తాతను బతిమాలి, ఇసుక పట్టుకుని పొలి చల్లినట్టు నడిపించాను. ఎన్ని అడుగులకు ఒక చిటికెడు పడుతుందో చూశాను. గొలుసు వేసి గుడిసెల చుట్టూ కొలిచాను. మానెడు బియ్యం ఎంత దూరం వస్తుందో, గుడిసెల్ని కలుపుకోవాలంటే ఇంకా ఎన్ని మానెలు కావాలో లెక్క కట్టి అమ్మకు చెప్పాను. అమ్మ విత్తనాల గాబు మీది మట్టిపూత పగలగొట్టింది. అవి చెరువు కింది మా రెండు మడుల్లో పండిన వడ్లు, వచ్చే వానకాలానికి దాచినవి. నేను వాటి మాట ఎత్తలేదు, అవి కాక ఇంకేమీ లేవని నాకూ తెలుసు. అమ్మ కూర్చుని దంచింది. అక్క వచ్చి రెండో రోకలి పట్టింది. పిల్ల చుట్టూ తిరుగుతూ ఎగిరిపడ్డ గింజలు ఏరి నోట్లో వేసుకుంటుంటే, "ఏయ్, అవి అమ్మవారియే, తింటే కండ్లు పోతయ్," అని అక్క అదిలించింది.

బావ గడపలో నిలబడి చూస్తున్నాడు. "అత్తా, గివన్ని మా కోసమేనా?" అన్నాడు.

"మీ కోసమైతే ఏంది, మా కోసమైతే ఏంది. బయట ఉండేది నా మనుమరాలు," అంది అమ్మ.

"మా ఇండ్ల పేరు మీద మీ బియ్యం."

"అల్లునికి బియ్యం పెట్టుడు కొత్తనా? పెండ్లినాడు గంపెడు పోసిన గద, అప్పుడు సిగ్గు గాలే?"

బావ నవ్వలేదు. ఆయన మాట పడడు. తన ఊళ్ళో పదిమందికి పెట్టినవాడు. తన వాళ్ళ తరఫున గంపలో పడే ప్రతి పిడికెడూ అత్తగారిదే కావడం ఆయనకు గుచ్చుకుంటోందని నాకు తెలిసింది. ఆ గుచ్చుకోవడం ఏం చేయిస్తుందో మాత్రం ఊహించలేదు.

మర్నాడు పొద్దు గూకే వేళ పొలి బయలుదేరింది. ముందు డప్పులు, వెనక గంప నెత్తిన పెట్టుకుని ఒక మనిషి, ఆ పక్కన బైండ్ల తాత, ఆ వెనక పటేలు, కర్రలు పట్టుకున్న పడుచువాళ్ళు. ఎవరూ మాట్లాడకూడదు, వెనక్కి చూడకూడదు. దక్షిణం నుంచి తూర్పు తిరిగింది, ఉత్తరం తిరిగింది. నేను లెక్క చూసుకుంటూ నడుస్తున్నాను. గంపలో ఉండవలసినంత ఉంది. పడమటికి వచ్చి, మా పెరటిగోడ మూల దగ్గర బాట దాటి గుడిసెల వైపు తిరగాలి. తాత నిన్న ఇసుకతో నడిచిన దారినే అడుగు తీశాడు. గంపలో చెయ్యి పెట్టి ఆగిపోయాడు.

చెయ్యి తీసి, దివిటీ దగ్గరికి పట్టుకుని చూసుకున్నాడు. ఎర్రటి బియ్యంలో గుండ్రటి గింజలు.

"జొన్నలు," అన్నాడు. మాట్లాడకూడని చోట ఆ ఒక్క మాటతో డప్పులు ఆగాయి.

ఆ ఏడు మా దగ్గర ఎవరూ జొన్న వేయలేదు. ఉన్నవన్నీ సర్కారు కంట్రోలు దుకాణంలో ఇచ్చే జొన్నలు, ఎక్కడ పండాయో తెలియకుండా లారీల్లో వచ్చినవి. తాత గంపను దించి అడుక్కంటా కలియబెట్టాడు. పై బియ్యమంతా తిరిగిన మూడు దిక్కులకూ అయిపోయింది. అడుగున మిగిలింది జొన్నలు కలిసిన బియ్యం.

గుడిసెల ముందు నిలబడ్డ గుంపులోంచి బావ ముందుకు వచ్చాడు. దాచలేదు. "నేనే ఏసిన. మధ్యాహ్నం గంప గుడికాడ ఉన్నప్పుడు, అడుగున. ఇంటికొక పిడికెడు, మా అందరియి. ఇంకొకల గింజతోని మేమెట్ల ఈ ఊరోళ్ళమైతం, తాతా? మా పిడికెడు మాదుండాలె గద?"

ఆయన తప్పు చేసినవాడిలా చెప్పలేదు. బాకీ లేకుండా చేసుకున్నవాడిలా చెప్పాడు.

తాతకు వీళ్ళ మీద కోపం లేదు. "బిడ్డా, ఇది సల్లితే నా చేతుల ఊరు ఖతమైతది. నన్నేం జెయ్యమంటవ్?" అని బావనే అడిగాడు, నిజంగా తెలియక అడిగినట్టు. నేను ఇంకా వడ్లు ఉన్నాయని, ఇప్పుడే దంచి తెస్తామని అన్నాను. "ఒక్క బలికి ఒక్క పొలే," అన్నాడు. పటేలు ముసురుతున్న చీకటి చూసి కానియ్యమన్నాడు. మంచి గింజలు ఏరగా ఏరగా ఒక దోసెడు వచ్చాయి. ఆ దోసెడు మా పెరటిగోడ పొడుగునా పడి, మొదలుపెట్టిన చోటికి తిరిగి కలిసింది. గీత మూసుకుంది.

కలిసేముందు పటేలు అక్కను పిలిచాడు. "బిడ్డా, నువ్వు రా. నువ్వు ఈ ఊరి ఆడబిడ్డవు. నీకు అడ్డం లేదు."

అక్క పిల్లను ఎత్తుకుని అడుగు వేసింది.

"పిల్ల కాదు, బిడ్డ. పిల్ల తండ్రి ఊరిది."

"నాలుగేండ్ల పిల్ల పటేలా, నా సంక దిగదు."

"నేను జెప్పింది నేను బెట్టిన నియమమా? ఒక్క పిల్లను రానిస్తే, రేపు ప్రతోడు ఒక సుట్టరికం జెప్పుకొనొస్తడు. ఎంతమందిని మోస్తదమ్మ ఈ ఊరు?"

బావి నీళ్ళు ఎంతమందికి వస్తాయో లెక్క కట్టినవాణ్ణి నేనే. అక్క అడుగు వెనక్కి తీసింది. నేను సర్కారు సడక్ మనిషినని చెప్పి బయట నిలబడ్డాను, నన్ను ఎవరూ ఆపలేదు. అమ్మ లోపల ఉండిపోయింది.

ఆ రాత్రికి, మర్నాటికి భయం లేదు. సడక్ మీద కంకర తడపడానికి వాడే నీళ్ళ పీపా బండి బయటే ఉంది. అందులో నీళ్ళు మా బావివే, ముందు రోజు నింపినవి. ఇంటికొక కడవ చొప్పున పంచాను. కాచి తాగమని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. "కట్టెలేయి సారు? గుడిసె పీకి కాగబెట్టుకోమంటరా?" అని ఒక ముసలమ్మ అంది. ఆమె అన్నది నిజమే, ఆ బీడులో కాల్చడానికి పుల్ల మిగల్లేదు. పీపా నింపడానికి బండి కట్టాలంటే, ఎడ్లు లోపల ఉన్నాయి.

మునగాల దిక్కు నడిచి మోటబావి ఉన్న ఆసామిని అడిగాను. కడవ పట్టుకోనివ్వలేదు. దూరం నుంచే, "మీ ఊరి కొమ్మలు గనబడ్తనే ఉన్నయ్. దగ్గరికి రాకురి," అని అరిచాడు. ఆయన్ని అనడానికి ఏముంది, ఆయన చేనులో కూడా ఎవరో పరాయివాళ్ళు గుడిసెలు వేసుకుని ఉన్నారు.

రెండో నాడు తెల్లవారేసరికి పీపా అడుగు తేలింది. నేను లేచి చూసేసరికి పిల్లలు గుంపుగా వాగు నుంచి వస్తున్నారు. అందరి మూతులూ తడిగా ఉన్నాయి. మా పిల్ల నన్ను చూసి, "మామా, వాగుల సల్లగున్నయి," అంది.

ఆ మాట విన్నాకే నాకు తాటిదోనె గుర్తొచ్చింది. మోట నీళ్ళు గట్టు దాటించడానికి తాటిమానును చీల్చి తొలిచి పెడతారే, అది. అవతలి చేలో ఎండిన మోట దగ్గర ఒకటి పడి ఉంది. మా పెరడు ఎత్తు, గుడిసెలు పల్లం. వాలు చూసుకోవలసిన అవసరమే లేదు. బావ, ఇంకో ముగ్గురు కలిసి మోసుకొచ్చారు. గోడ మీది రేగుకంప తోసి, దోనె ఒక కొస పెరట్లోకి, ఒక కొస మా వైపు వాలేలా పెట్టాం. గోడ మీదుగా అమ్మను కేకేశాను. అమ్మ నీళ్ళ గోలెం బోర్లించి ఎక్కి దోనెలో చెంబు నీళ్ళు పోసింది. నీళ్ళు ఇవతలికి వచ్చాయి.

కర్రల వాళ్ళు పరుగెత్తుకొచ్చారు, వెనకే పటేలు వచ్చాడు. గోడ అవతల మాటలన్నీ మాకు వినబడుతున్నాయి.

"మనిషి దాటొద్దంటే నీళ్ళు దాటిస్తరా? తియ్యిర్రి దాన్ని."

"ముట్టు సూద్దాం," అంది అమ్మ. "ముట్టినోని నెత్తి మీద ఈ చెంబు పడ్తది."

"నువ్ పెద్దదానివి, నీకన్న తెలువొద్దా?"

అప్పుడు బైండ్ల తాత బొంగురు గొంతు వినబడింది. "పటేలా, వాగు మన పొలిమేర దాటే పోతది గద. దాన్ని ఏ పొలి ఆపింది? నీళ్ళకు ఊరు లేదు. పొయ్యనియ్యి."

ఆ తరువాత అడుగుల చప్పుడు దూరమైంది. అమ్మ పోస్తూనే ఉంది. వీధిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు బావి నుంచి మోసుకొచ్చి అందించారని తరువాత తెలిసింది. మధ్యాహ్నానికి ప్రతి గుడిసెలోనూ కడవ నిండింది. బావ దోనె కింద కూర్చుని, "మా అత్త పెండ్లినాడు గూడ ఇంత పొయ్యలే," అన్నాడు. పొలి ఆగిన తరువాత ఆయన మాట్లాడడం అదే మొదలు.

ఆ బీడు ఇప్పుడు మా ఊళ్ళో పెద్ద వాడ. గుడిసెల చోట మట్టి ఇండ్లు లేచాయి, ఇంకా పడమటగా వాటి వెనక కొత్త గుడిసెలు పడ్డాయి. పాత ఊరి గడపల కంటే అవతలి గడపలే ఎక్కువ. సూర్యాపేట నుంచి వచ్చే బస్సు కూడా ఆ వాడ ముందే ఆగుతుంది. మొన్న ఎవరో పటేలును ఊరు ఎక్కడ అని అడిగితే, ఆయన అటే చెయ్యి చూపించాడు.

దోనె పెట్టిన నాడే పొద్దు వాలుతుండగా అక్క నన్ను పిలిచింది. పిల్లకు రెండుసార్లు వాంతయింది. కాసేపట్లోనే కడుపు బియ్యం కడిగిన నీళ్ళలా పోవడం మొదలైంది. ఇంకో రెండు గుడిసెల్లోనూ అదే. గత్తరను నేను పుస్తకంలో తప్ప చూసి ఉండలేదు, అయినా ఇది అదేనని తేలిపోయింది.

సూర్యాపేట దవాఖానకు చేర్చగలిగితే చాలు. పిల్లను బావ భుజాన వేసుకున్నాడు, ఇద్దరం సడక్ ఎక్కాం. ఒక మిలిటరీ లారీ వచ్చింది. నడిమధ్యన నిలబడి రెండు చేతులూ ఎత్తాను. లారీ నెమ్మదించింది. డ్రైవరు నన్ను చూశాడు, భుజం మీద వేలాడుతున్న పిల్లను చూశాడు, నా తల మీదుగా ఆ పక్క కట్టిన వేపకొమ్మలను చూశాడు. పక్కకు తప్పించి వేగం పెంచాడు. తరువాత రెండు బండ్లు వచ్చాయి, అవీ అంతే. నడిచి పోదామని బావ బయలుదేరాడు. ఫర్లాంగు రాళ్ళు ఒకటి రెండు దాటేసరికి పిల్ల కళ్ళు గుంటలు పడ్డాయి, చేతివేళ్ళ తోలు చాకలి నీళ్ళలో నానినట్టు ముడతలు పడింది. "నీళ్ళు," అంటుంటే ఆగక తప్పలేదు. మా చేతిలో నీళ్ళు లేవు. ఉన్న నీళ్ళు దోనె కింద ఉన్నాయి. వెనక్కి వచ్చాం.

నేను గోడ దగ్గరికి పోయి చెప్పాను. "నేనొస్త," అంది అమ్మ.

"అమ్మా, రానియ్యరు. వచ్చినా మళ్ళీ లోపలికి పోలేవు. నువ్వు రాకు. నువ్వు వస్తే ఇక్కడికి నీళ్ళు పోసేవాళ్ళు ఉండరు."

అది నిజం. గోడకు అవతల అమ్మ ఒక్కతే మా వైపు మనిషి. ఆమె ఇవతలికి వస్తే, మర్నాటికి దోనె లేదు, గుడిసెల్లో ఇంకా పాతికమంది పిల్లలు ఉన్నారు. అమ్మకు అర్థమైంది. గోలెం మీది నుంచి దిగిన చప్పుడు వినబడింది. కొంతసేపటికి పొయ్యి పొగ వాసన వచ్చింది.

అమ్మ బియ్యం ఉడకబెట్టి గంజి వంచి, ఉప్పు వేసి చల్లార్చి, దోనెలో పోసింది. పొలి కోసం దంచగా మిగిలిన బియ్యమే అవి. అక్క ఇవతలి కొస దగ్గర ముంత పట్టుకుంది. గంజి తాటిమాను పీచుల్లోంచి నెమ్మదిగా జారుతూ వచ్చింది, సగం దోనెకే అంటుకుపోయింది. వచ్చినంత అక్క తీసుకుపోయి వేలితో పిల్ల నోట్లో పెట్టింది. పెట్టింది పెట్టినట్టు బయటికి వచ్చినా, మళ్ళీ పెట్టింది. గోడ అవతల నుంచి అమ్మ, "తాగుతాందా?" అని అడిగేది. "తాగుతాందమ్మ," అని అక్క అనేది. అమ్మ మళ్ళీ పోసేది. బావ పిల్ల కాళ్ళు రుద్దుతూ కూర్చున్నాడు. ఒకసారి నా వైపు తిరిగి, "ఆ జొన్నలు..." అని ఆగిపోయాడు. నేను విననట్టు దివ్వె వత్తి సరిచేశాను.

పిల్ల ఒకసారి తెలివిగా కళ్ళు తెరిచి, "అమ్మమ్మ దగ్గరికి పోత," అంది. "పోదాం, తెల్లారనియ్యి," అంది అక్క. ఆ తరువాత పిల్ల మాట్లాడలేదు. కాళ్ళు లాగడం ఆగింది, వాంతులు ఆగాయి. తగ్గుతోందని నేను అనుకున్నాను. మణికట్టు పట్టుకుని నాడి వెతికాను. దొరకలేదు, చలికి దొరకడం లేదేమోనని మోచేతి దగ్గర వెతికాను, మెడ దగ్గర వెతికాను. బావ నా చెయ్యి తీసి పక్కన పెట్టాడు.

తూర్పు తెల్లబడింది. అక్క ఏడుస్తుందని చూశాను. ఏడవలేదు. పిల్ల ముఖం మీద కొంగు కప్పి, ముంత తీసుకుని లేచింది. బావ ఆమెను ఆపబోయాడు, నేనూ వెంట నడిచాను. అక్క దోనె కొస దగ్గరికి పోయి, ఎప్పటిలాగే ముంత కింద పెట్టి పట్టుకుని నిలబడింది.

అవతల అమ్మ గోలెం మీదికి ఎక్కిన చప్పుడైంది. ఆమె నిద్రపోలేదు.

"బిడ్డా, రాత్రిది తాగిందా?"

అక్క నా వైపు చూసింది. చెప్పొద్దని తల ఊపింది. అమ్మకు తెలిస్తే అమ్మ గోడ దూకుతుంది. ముసలిదాన్ని కర్రల వాళ్ళు పట్టుకుంటారు. దోనె లాగేస్తారు. వెనక గుడిసెల్లో ఇంకో ఇద్దరు పిల్లలు నీళ్ళకు ఏడుస్తున్నారు.

"తాగిందమ్మ," అంది అక్క. "ఇంకింత పొయ్యి."